పెట్రోమాక్స్ లైట్ల మధ్య దిగిన పైలట్ గారు

డెబ్బైల్లో వరికి దోమపోటు వచ్చిన ఏడు, మా పొలాలకు మందు చల్లడానికి చిన్న విమానంతో ఒక పైలట్ గారు వచ్చారు. ఊరు పటమట. విమానం ఆగాక ఎంతమంది ఎదురుచూస్తున్నా సరే, జేబులోని దువ్వెన తీసి పాపిడి సరిచేసుకున్నాకే కిందికి దిగేవారు.

ఒక సాయంత్రం మబ్బు పట్టి, ఆయన తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. మా రన్‌వే చెరకు తోటకూ కాలవకూ మధ్య చదును చేసిన పొట్టి మట్టి బాట. పెళ్ళిళ్ళకు వాడే పెట్రోమాక్స్ లైట్లు పట్టుకుని రైతులు రెండు వరసల్లో నిలబడ్డారు. తీరా విమానం కిందికి వస్తుంటే, దగ్గరగా చూడాలని లైట్లతో సహా అందరూ దానికేసి నడిచారు. పైనున్న మనిషికి దారే కదిలిపోయింది. ఆయన కాలవ దాకా వచ్చి, దిగకుండానే మళ్ళీ పైకి లేచిపోయారు.

"లైట్లు వరసలో కింద పెట్టి పక్కకి రండయ్యా. మీరు కదిలితే ఆయన కాలవలో పడతారు" అని అరిచాను.

ఈసారి లైట్లు కదల్లేదు. విమానం చెరకు ఆకుల్ని రాసుకుంటూ దిగి, కాలవ గట్టు ముందు ఆగింది. లోపల ఆయన తల దువ్వుకోవడం కనిపించింది.

"ఆంజనేయస్వామే దించాడండీ" అంటూ మా ఊరి మునసబుగారు దండ తెచ్చారు. హేతువాదిని కదా, నేను వాదనకు నోరు తెరిచాను. ఈలోగా పైలట్ గారే అందుకున్నారు.

"ఆయనే అయితే మొదటిసారే దించేవాడు కదండీ?"

మునసబుగారు పగలబడి నవ్వారు. దేవుడు లేడని నేనిచ్చిన ప్రతి ఉపన్యాసంలోంచీ లేచి వెళ్ళిపోయిన మనిషి ఆయన.