పాఠం చెప్పని మేడం

మెదక్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఫైనలియర్ పిల్లలకు క్వాంటం మెకానిక్స్ చెబుతాను. చెబుతున్నాననే అనుకున్నాను, నా మీద ప్రిన్సిపాల్ గారికి ఫిర్యాదు వెళ్ళేదాకా. "మేడం పాఠం చెప్తలేరు సార్, మమ్మల్నే అడుగుతున్నరు" అని కొందరు పిల్లలు కట్టగట్టుకుని వెళ్ళి చెప్పి వచ్చారట.

సంగతేమిటంటే, మా పిల్లలకు డెరివేషన్ అంటే మంచినీళ్ళు తాగినంత సులువు. మొదటి లైను అందిస్తే చాలు, ఆఖరి లైను దాకా ఒక్క గుర్తు పొల్లుపోకుండా రాసేస్తారు. మధ్యలో ఆపి "ఈ లైను ఎందుకొచ్చింది?" అన్నామా, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు చూస్తారు. ఇదే పిల్లలు వరండాలో క్రికెట్ మీద తెలుగూ ఉర్దూ కలిపి వాదించుకుంటుంటే స్టాఫ్ రూమ్‌లో మా మాట మాకు వినపడదు. ఆ నోళ్ళన్నీ గడప దాటి క్లాసులోకి రాగానే ఏమైపోతాయని నాకు మహా ఒళ్ళుమంట.

అందుకని వారంలో రెండు క్లాసులకు పద్ధతి మార్చాను. బోర్డు మీద ఒక ప్రశ్న, దానికి మూడు జవాబులు రాస్తాను. ఎవరికి తోచిన జవాబుకు వాళ్ళు చెయ్యెత్తాలి. తర్వాత తమతో ఒప్పుకోని వాళ్ళ పక్కన కూర్చుని, ఇంట్లో మాట్లాడే భాషలోనే వాళ్ళను ఒప్పించాలి. అదంతా అయ్యాకే నేను నోరు విప్పుతాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, ఆ లోకువ కాస్త తగ్గిద్దామని నా ఆశ.

ఫిర్యాదుకు పెద్ద దిక్కు, కుల్చారం నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి. ఎమ్మెస్సీ సీటు కోసం కష్టపడుతున్న పిల్ల. క్లాసులో ఆమెంత శుభ్రంగా డెరివేషన్ రాసేవాళ్ళు లేరు. ఆమె పేరు వినగానే అగ్గిమీద గుగ్గిలమై ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళాను.

ఆయన కామర్స్ మనిషి, నెమ్మదస్తుడు. "కూసోండ్రి మేడం, జర చాయ్ తాగుండ్రి" అన్నారు. "పిల్లలు పరేషాన్‌ల ఉన్నరు. పరీక్షలు దగ్గరికొచ్చినయి. నోట్స్ చెప్పేస్తే అయిపోతది గదా?"

"నోట్సయితే గైడ్‌లనే ఉన్నయి సార్. దానికి నేనెందుకు?" అన్నాను.

ఆయన నవ్వారు. "సరే, బుధవారం నేనే వచ్చి ఎనక కూసుంట. మంచిగనిపిస్తే నడువనీండ్రి. లేకుంటే మళ్ల పాతదే."

బుధవారం రానే వచ్చింది. పాత పద్ధతికి పోతే నాకు పని తగ్గుతుందే తప్ప పోయేదేమీ లేదు. అయినా ఆ రెండు క్లాసులు చేజారిపోతాయంటే చాలా భయం వేసింది. వారం మొత్తంలో నేను ఇష్టంగా ఎదురుచూసేది వాటికోసమే.

ఆ రోజు ప్రశ్న, ఒక పెట్టెలో చిక్కిన కణం గురించి. రెండో శక్తిస్థాయిలో ఉన్నప్పుడు అది ఎడమ సగంలో దొరకొచ్చు, కుడి సగంలో దొరకొచ్చు. సరిగ్గా నడిమధ్యలో దొరికే అవకాశం మాత్రం సున్నా. మరి ఇటునుంచి అటు ఎలా పోతుంది? వెనక బెంచీలో ప్రిన్సిపాల్ గారు ఉండేసరికి చేతులు బెరుకుబెరుకుగా లేచాయి. కుల్చారం అమ్మాయి అసలు ఎత్తనే లేదు. ఇక అయిపోయింది అనుకున్నాను.

మాటలు మొదలుపెట్టింది మెదక్‌లోనే ఉండే ఒక అబ్బాయి. వాళ్ళ నాన్నది మోటార్ వైండింగ్ దుకాణం. "మస్తు స్పీడ్‌ల దాటుతది. తిరిగే ఫ్యాన్ రెక్కలు మనకు కానొస్తయా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు తలలూపారు.

"కానరాకున్నా ఉంటయి గద" అంది కుల్చారం అమ్మాయి, ఉండబట్టలేక. "ఎంత స్పీడ్‌ల పోయినా నడుమ జరంతసేపన్న ఉంటది. ఇక్కడ సున్నా అంటున్నరు. సున్నా అంటే సున్నానే."

"మరి అటు దిక్కు ఎట్ల పోయింది?" అన్నాడు అబ్బాయి.

 ఆమె ఎవరూ పిలవకుండానే లేచి వచ్చి, నా చేతిలోని చాక్‌పీసు తీసుకుంది. బోర్డు మీద ఎడమవైపు పైకి, కుడివైపు కిందికి వంగే అల గీసింది. పరీక్షల కోసం ఎన్నోసార్లు గీసిన బొమ్మే. దానివైపు కొత్తగా చూస్తూ, "అరే, ఇది ఒకటే అల. రెండు దిక్కులా ఒక్కసారే ఉన్నది. ఇంక పోవుడెక్కడిది? ప్రశ్ననే తప్పు!" అంది.

"అట్లయితే, కొలిచినప్పుడు ఒక్క దిక్కే ఎందుకు దొరుకుతది?" అన్నాడు అబ్బాయి, ఊరుకోకుండా.

ఆ మాట అతను అన్నాడని నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. క్లాసంతా ఒక్కసారిగా మాట్లాడసాగింది. ఉర్దూలో ఒక మూల, తెలుగులో ఒక మూల. నా వైపు చూసే నాథుడు లేడు. ఇంతలో గంట కొట్టారు.

ప్రిన్సిపాల్ గారు లేచి, "బెల్ అయింది. ఇగ పోండ్రి అందరు" అన్నారు.

కుల్చారం అమ్మాయి బోర్డు మీదినుంచి చూపు తిప్పలేదు. "జర ఆగుండ్రి సార్" అంది, "ఇది తేలనీయుండ్రి."

సార్ ఒకసారి నా వంక చూసి, బుద్ధిగా మళ్ళీ బెంచీ మీద కూర్చున్నారు.