నీలి నలుసున్న ముక్కుపుడక

మా పెద్దమ్మ వాళ్ళది నాగాయలంక అవతల సముద్రపు ఒడ్డు పల్లె. తాతల నాటి నుంచీ చేపల వ్యాపారం. కంటి ఆపరేషన్ కోసం విజయవాడ వచ్చి, భవానీపురంలో మా ఇంట్లో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం కొంగుముడి విప్పి వజ్రపు ముక్కుపుడక నా చేతిలో పెట్టింది. కృష్ణ ఒడ్డున పాతకాలంలో దొరికిన రాయట. వాళ్ళ అత్తగారిది. పెద్దమ్మ ఒక్కసారైనా పెట్టుకోలేదు.

"వెలుతుర్లో చూడు. లోపల నీలంగా నలుసు లేదూ? ఇది పెట్టుకున్న కాణ్ణించీ మా అత్తకి చెవిలో ఒకటే హోరు. పోయేదాకా తగ్గలా. నువ్వు రాళ్ళ చదువు చదివావుగా, అదేంటో చెప్పు."

నేను కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతాను. రాయిని హైదరాబాదులో ల్యాబ్‌లో పనిచేసే స్నేహితురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. లేజర్ కింద పెట్టి చూసింది, తర్వాత ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో చూసింది. తెర మీద గీత ఒకచోట లోయలా కిందికి దిగింది. అది నీటి ఆనవాలు. పొరపాటేమోనని ఆమె మళ్ళీ కొలిచింది. అదే లోయ.

ఆ నలుసు రింగ్‌వుడైట్. భూమి లోపల ఐదారు వందల కిలోమీటర్ల లోతున, మాంటిల్‌లో పుట్టే ఖనిజం. హైడ్రోజన్ దాని స్ఫటికంలో ఆక్సిజన్‌తో జతకట్టి ఇరుక్కుని ఉంటుంది. చుక్క కారదు, తడి తగలదు. రాయిలో రాయిగా ఉంటుంది. అలాంటి రాయి మన కాళ్ళ కింద పొరగా పరుచుకుని ఉంది. అందులో ఎంత నీరు దాగుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. సముద్రాలకు సరిపడేంత ఉండొచ్చని అంటారు. ఇదంతా ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన పాఠమే. కానీ ఇంటికొచ్చి వంటింట్లో వట్టికాళ్ళతో నిలబడినప్పుడు, గచ్చు చల్లదనం తగిలి, గబగబా వెళ్ళి మంచం మీదికెక్కి కూర్చున్నాను.

పెద్దమ్మ అంతా విని, "అయితే కింద కూడా సముద్రమేనంటావు" అంది.

"నీళ్ళు కాదు పెద్దమ్మా, రాయే."

"పైకి రాదుగా?"

"అగ్నిపర్వతాల దారిన కొంచెం కొంచెం వస్తుంది. పైనుంచీ పోతుంది. కొన్నిచోట్ల సముద్రం అడుగునున్న నేల లోపలికి దిగుతూ నీటిని తనతో పట్టుకుపోతుంది."

"పట్టుకుపోతుందా!" అంది. పుడక అందుకుని అద్దం ముందు నిలబడి పెట్టుకుంది. "సముద్రం పక్కన బతుకుతా సముద్రానికి భయపడితే ఎట్టాగే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఊరెళ్ళిన కొద్దిరోజులకు ఫోన్ చేసింది.

"అమ్మాయ్, సముద్రం వినపట్టంలేదే."

హోరు మొదలైందని చెబుతుందేమో అనుకున్నాను. ఇదేమిటి? వెంటనే రమ్మన్నాను. గవర్నర్‌పేటలో చెవి డాక్టరుగారు అన్ని పరీక్షలూ చేసి, "వినికిడి శుభ్రంగా ఉందండీ" అన్నారు. నిజమే, పక్కగదిలో చెంచా పడినా ఆమెకు వినిపిస్తోంది. పుడక తీసి చూసింది. మార్పు లేదు. మళ్ళీ పెట్టుకుంది.

చివరికి నేనే ఆమె వెంట ఊరెళ్ళాను. ఒడ్డున గాలి విసిరికొడుతోంది. ఒకదాని మీద ఒకటిగా అలలు విరిగిపడుతున్నాయి. ఆమె నీళ్ళ అంచున నిలబడి, గాజు వెనక దాన్ని చూస్తున్నట్టు చూస్తోంది.

"పెద్దమ్మా! ఇప్పుడన్నా వినపడుతోందా?" గొంతు చించుకుని అరిచాను.

ఉలిక్కిపడి నావైపు తిరిగింది. ఏదో అంది; నాకు వినపడలేదని చూసి నా చెవి దగ్గరికి వచ్చి, "ఎందుకే అంత అరుస్తావు? ఇక్కడ చప్పుడేముందని?" అంది.

నేను కావాలనే కొంచెం వెనక్కి జరిగి, పెదవులు కదిలీ కదలకుండా, "భయంగా ఉందా?" అన్నాను. ఆ హోరులో నా మాట నాకే వినపడలేదు. ఆమె మళ్ళీ నా చెవి దగ్గరికొచ్చింది.

"మొదట్లో ఉండేదే. ఇప్పుడు నిద్ర బాగా పడుతోంది."

రాయిని పరిశోధనకు ఇస్తారా అని స్నేహితురాలు ఇప్పటికీ అడుగుతుంటుంది. నలుసు బయటపడాలంటే వజ్రాన్ని అరగదీయాలి. పెద్దమ్మను అడగనే లేదు. ఆవిడ ఒప్పుకోలేదని చెప్పేశాను.