ఇసుకలో మంచినీళ్లు

వాల్తేరు స్టేషన్లో దిగేసరికి బాగా తెల్లారింది. ముందురోజు సాయంత్రం సికిందరాబాదులో రైలెక్కాక ఎవరితోనూ పట్టుమని నాలుగు మాటలు మాట్లాడలేదు. ఎదుటి బెర్తు పెద్దాయన మాత్రం, "విశాఖలో చుట్టాలున్నారాండీ?" అని అడిగాడు. లేరన్నాను. ఆఫీసు పనేనని తేలగానే ఆయనకు నామీద ఆసక్తి పోయింది. నా భార్య పోయాక నా ప్రయాణాలన్నీ ఇలాగే జరుగుతున్నాయి.

ఎనభైల మొదటి రోజులవి. ఈ రేవుకు వచ్చే చమురు ఓడ ఏదైనా ఖర్మకాలి పగిలితే, తీరంలో ముందు ఏ చోటును కాపాడాలో చెప్పే పటం మా ఆఫీసు గీస్తోంది. గెడ్డలు, అంటే వాగులు, సముద్రంలో కలిసే చోట్లకీ, జనం వాడుకునే నీళ్లకీ ఎర్రరంగు. ఎవరికీ పనికిరాని ఇసుకకు పచ్చరంగు. విమానం మీంచి తీసిన ఫొటోలు చూసి వేసిన రంగులు నిజమో కాదో నడిచి చూసి రావడం నా వంతు. "కళ్లారా చూసిన నీళ్లే గీయండి" అని మా ఆఫీసరు మరీ మరీ చెప్పి పంపాడు.

పూర్ణా మార్కెట్ దగ్గర లాడ్జిలో దిగాను. కిటికీ తీస్తే ఎండుచేపల వాసన, మూస్తే ఉక్క. మధ్యాహ్నం హోటల్లో ఆకు వేస్తూ సర్వరు, "ఒక్కరేనా బాబూ?" అన్నాడు. మామూలు ప్రశ్నే. నేనే మజ్జిగ దాకా ఆగకుండా లేచిపోయాను.

మర్నాడు పెట్టె సర్దుకుని దువ్వాడ వైపు బస్సెక్కాను. అటువైపు తీరం చూసుకుని, తిరుగు రైలు అక్కడే ఎక్కొచ్చని ఆలోచన. మీరెవరైనా అటు వెళ్తే నీళ్ల సీసా మరిచిపోకండి. నాది బస్సు దిగేలోపే ఖాళీ అయింది.

బస్సులో పక్కన కూర్చున్నావిడ పేరు నూకాలు. ఒళ్లో అల్యూమినియం బిందె, అందులో కొబ్బరి చిప్ప. ఉక్కు ఫ్యాక్టరీ కోసం వాళ్ల పల్లెను ఖాళీ చేయించి కాలనీకి తరలించారట. తెప్పలు మాత్రం ఇంకా ఆ పాత ఒడ్డునుంచే వేస్తున్నారు.

నా పటంలో ఆ ఒడ్డు పచ్చగా ఉంది. ఆ మాటా, పచ్చంటే ఎవరికీ పనికిరాని ఇసుకనీ చెప్పాను.

"అంటే ఎవులూ లేరనా? ఇప్పటికే ఫ్యాక్టరీవోల్లు కంచె ఏసెత్తామంటన్నారు. ఆ తోవ మూసేత్తే మావోల్లు తెప్పలెక్కడేత్తారు బాబూ? నాను రోజూ ఆ ఇసకలో సెలమ తవ్వి నీల్లట్టుకెల్తన్నాను. రా, సూపిత్తాను."

ఎర్రరంగు పడితే కంచె ఆగుతుందని నేను మాటివ్వలేదు. పచ్చగానే వదిలేస్తే మాత్రం ఆ ఒడ్డు గురించి అడిగేవాడే ఉండడు.

బస్సు దిగి, ఆ పల్లె కూలిన గోడల మధ్యనుంచి ఒడ్డుకు చేరాం. నిన్నటి చెలమను కెరటం పూడ్చేసింది. ఆమె చిప్పతో ఇసుక తోడడం మొదలుపెట్టింది. మోచేతి లోతున నీరూరింది. నోట్లో పోసుకుని ఉమ్మేశాను. ఒకటే ఉప్పు. ఆమె కూడా చప్పరించి చిన్నబోయింది. రెండోచోట తవ్వితే అంచులు విరిగి గుంట పూడిపోయింది. రైలు తప్పిపోతుందేమోనని నాకు ఆదుర్దా.

"పోనీలెండమ్మా" అన్నాను.

"నీకు పోనీలే బాబూ! తెల్లారితే మావోడు తెప్పేత్తాడు. ఉప్పునీల్లు తాగుతాడేటి?"

నాకు సిగ్గనిపించింది. పెట్టె పక్కన పడేసి నేనూ మోకాళ్ల మీద కూర్చున్నాను. ఈసారి ఇంకాస్త ఎగువన, ఇసుక మీద పాకే తీగలున్న చోట, ఇద్దరం కలిసి తోడాం. చాలాసేపు తడి ఇసుకే వచ్చింది. తర్వాత మెల్లగా నీరు ఊరింది. ఆమె ముందు తాగి చిప్ప నాకిచ్చింది. సముద్రం ఇరవై అడుగుల దూరంలో ఉంది, ఈ నీళ్లేమో కమ్మగా ఉన్నాయి! ఇద్దరం పకపకా నవ్వాం. అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

పటంలో ఆ చోట పెన్సిలుతో చుక్క పెట్టి, పేరేమని రాయమంటారని అడిగాను.

"సెలమకి పేరేటి బాబూ? రేపటికిదుండదు. ఇంకోటి తవ్వుకుంతాం."

మొగుడికి బిందె నింపుకుని, నా సీసా కూడా నింపి ఇచ్చింది.

దువ్వాడలో రైలు దొరికింది. తుని దాకా వెళ్లే వేరుశెనగల వ్యాపారి ఒకాయన దాహమంటే సీసా ఇచ్చాను. "బాగున్నాయండీ, ఏ ఊరి నీళ్లు?" అన్నాడు. సముద్రం ఒడ్డున తవ్వినవంటే నమ్మలేదు. నమ్మించేందుకు తుని దాకా కథంతా చెప్పాను. ఆయన దిగిపోయాక మళ్లీ ఒక్కణ్ణే మిగిలాను.

రేపు ఉండని నీళ్లను పటంలో ఎలా పెట్టావని ఆఫీసరు తప్పకుండా అడుగుతాడు. రేపు ఇంకోటి తవ్వుతారని చెప్తాను. కాదంటే వచ్చి తవ్వి చూసుకోమంటాను.

సీసాలో ఒక గుక్క మిగిలింది. మా ఆవిడ ఉండుంటే ఇంటి గుమ్మంలోనే చేతికిచ్చి, ఎక్కడివో చెప్పుకో చూద్దాం అని ఏడిపించేవాణ్ణి. ఆ గుక్క నేనే తాగేశాను. పటం ఒళ్లో పరుచుకుని, పెన్సిలు చుక్కమీద సిరాతో దిద్ది, పక్కన 'మంచినీళ్లు' అని రాశాను.