ఎడమకు తిప్పితే మోగే హారన్

మా జీపు నాకంటే రెండేళ్లు పెద్దది. మామగారు ఎప్పుడో వేలంలో కొన్నారట. ఆయన పోయాక ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. బూదికోట దగ్గరి మా ఊరి నుంచి పట్టుగూళ్లు మార్కెట్టుకు చేర్చడానికి నేనే డ్రైవింగు నేర్చుకుని దాన్ని బయటికి తీశాను.

ఒక వేసవిలో దానికి వింత జబ్బు పట్టుకుంది. స్టీరింగు ఎడమకు తిప్పితే చాలు, హారన్ దానంతటదే మోగేది. కుడికి తిప్పితే ఊరుకునేది. కోలారు దారిలో ఎన్ని ఎడమ మలుపులున్నాయో నాకు అప్పుడే తెలిసింది. ఒక మలుపులో బర్రెలు బెదిరి పక్కనున్న టమాటా తోటలో పడ్డాయి. ఇంకో మలుపులో పెళ్లి ఊరేగింపు ఎదురైంది. వాయిద్యాలవాళ్లు వాయించడం ఆపి నా వైపు చూశారు. ఏం చెయ్యాలో తోచక, వాళ్ల కోసమే మోగించినట్టు నవ్వాను. పెళ్లికొడుకు నాకు దణ్ణం పెట్టాడు.

ఇద్దరు మెకానిక్కులకు చూపించాను. ఒకతను హారన్ మార్చాడు, ఇంకొకతను దానికి కరెంటు పంపే రిలే మార్చాడు. కొత్త హారన్ పాతదానికంటే గట్టిగా మోగింది, అంతే తేడా. విసుగొచ్చి, స్టీరింగు నుంచి వచ్చే హారన్ వైరును ముందువైపు పీకేశాను. ఆ తర్వాత గొర్రెల మంద అడ్డం వస్తే తల బయటపెట్టి నేనే అరిచేదాన్ని.

మా అక్క కేజీఎఫ్‌లో, మారికుప్పం స్టేషనుకు దగ్గర్లో ఉంటుంది. ఒక ఆదివారం ఆమెకు మామిడికాయలు తీసుకెళ్లాను. పక్కింటి పెద్దాయన చర్చి నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన అక్కడి బంగారు గనిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన మనిషి. ఏళ్ల తరబడి యంత్రాల హోరులో ఉండి చెవులు పూర్తిగా పోయాయి. భార్య పోయినప్పటి నుంచి ఎవరితోనూ కలవడంలేదని అక్క అంతకుముందే చెప్పింది. అలాంటిది, నేను కాయలు దించుతుంటే ఆయనే లేచి వచ్చి జీపు ముందు నిలబడ్డారు.

"ఈ వైరు ఏంటికమ్మా ఊరికే ఏలాడతా ఉండాది?"

నేను చెప్పబోతే చెవులు చూపించి తల అడ్డంగా ఊపారు. అక్క లోపలికెళ్లి సుద్దముక్క తెచ్చింది. ఆయన రోజూ తెలుగు బైబిలు చదువుతారట. అందుకని జీపు బానెట్ మీదే పెద్ద అక్షరాలతో సంగతంతా రాశాను. పెళ్లికొడుకు దణ్ణం దగ్గరికి వచ్చేసరికి ఆయన భుజాలు కదిలేలా నవ్వారు. ఆ నవ్వు విని అక్క నన్ను గిల్లింది. ఆయన నవ్వగా తను చూడడం అదే మొదలట.

ఆయన ఇంట్లోకి వెళ్లి, రెండు వైర్లు తగిలించిన చిన్న బల్బు తెచ్చారు. గనిలో తన పని సగం దానితోనే నడిచిందని చెప్పారు. దాన్ని నా చేతికిచ్చారు.

"నా చేతులు వణుకుతాయి. నువ్వే చెయ్యి, నేను చెప్తా ఉంటాను."

బల్బు వైరు ఒకటి బ్యాటరీ ప్లస్‌కు, ఇంకొకటి నేను పీకేసిన వైరుకు పెట్టమన్నారు. హారన్ బటన్ నొక్కితే బల్బు వెలిగింది, వదిలితే ఆరింది. అంతవరకు సరిగ్గానే ఉందట. తర్వాత అక్కను స్టీరింగు ఎడమకు తిప్పమన్నారు. బటన్ ఎవరూ నొక్కకుండానే బల్బు వెలిగింది.

"చూసినావా? ఈ వైరు యాడో ఇనుముకు తగులుతా ఉండాది. బండి ఇనుముకు తగిలితే బటన్ నొక్కినట్టే. ఇంగ వైరు ఎంట పోదాం."

బల్బు వైర్లను అక్కడే చుట్టిపెట్టి, అక్క తిప్పుతూ ఉంటే నేను కింద పడుకుని వైరును వేళ్లతో తడుముతూ వెళ్లాను. స్టీరింగు గొట్టం కింది మూత విప్పితే దొరికింది. వైరు గొట్టం అంచుకు రాసుకుని, బియ్యపుగింజంత మేర తొడుగు పోయి, లోపలి రాగి మెరుస్తోంది. వైరును ఇనుముకు దూరంగా జరిపితే బల్బు ఆరింది. వదిలితే వెలిగింది. లోపం దొరికిన సంబరంలో నాలుగుసార్లు ఆర్పి వెలిగించాను. టేపు చుట్టబోతే, ఇంజను వేడికి అది ఊడిపోతుందని తన పెట్టెలోంచి ప్లాస్టిక్ గొట్టం ముక్క ఇచ్చారు. అది తొడిగి, వైరు మళ్లీ అంచుకు తగలకుండా పక్కకు కట్టేశాను.

హారన్ వైరు మళ్లీ తగిలించి ఎడమకు తిప్పాను. చప్పుడు లేదు. కుడికి తిప్పాను, చప్పుడు లేదు. అప్పుడు బటన్ నొక్కాను. పెద్దాయన అరచెయ్యి బానెట్ మీద ఆనించి ఉంచారు. ఆ అదురు చేతికి తెలియగానే ముఖం విప్పారింది.

"మళ్లా నొక్కు," అన్నారు.

నొక్కాను. ఇంకోసారి అన్నారు. వీధిలో వాళ్లంతా బయటికి వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాను. ఏమైందని అడిగినవాళ్లకు అక్క కథ మొదటి నుంచి చెప్పింది.

ఆయన అడగకుండానే జీపెక్కి నా పక్కన కూర్చున్నారు. గని మట్టి గుట్టలుగా పోసిన సైనైడ్ దిబ్బల పక్కనుంచి ఊరంతా ఒక చుట్టు తిరిగాం. ప్రతి ఎడమ మలుపులో నా వైపు చూసేవారు, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆ రోజు మధ్యాహ్నం అక్క ఇంట్లో రాగిముద్ద రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

నెల తర్వాత అక్క ఫోన్ చేసింది. ఎవరిదో లైట్లు వెలగని ఆటో, ఎవరిదో స్టార్టు కాని పాత స్కూటరు ఆయన గుమ్మం ముందు నిలబడి ఉన్నాయట. బండి తెచ్చినవాళ్లచేతే విప్పించి, వాళ్లచేతే లోపం కనిపెట్టిస్తున్నారట. తొందరపడి కొత్త సామాను కొంటామన్నవాళ్లను గట్టిగా కసురుతున్నారని కూడా చెప్పింది.