వసుంధరగారి నల్ల కిమోనో

కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక ఆగిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా మీద పడ్డ ఏడాది, అక్టోబరులో, నన్ను సిడ్నీ శివారు రౌస్ హిల్‌లో ఒక పెళ్లికి వేశారు. అప్పట్లో సిడ్నీలో కిమోనోలు అద్దెకిచ్చే దుకాణంలో నేను సీనియర్ డ్రెస్సర్‌ని. ఏ సందర్భానికి ఏది తగునో చెప్పి, దగ్గరుండి కట్టడం నా పని. మావారి ఉద్యోగం పుణ్యమా అని ఒసాకాలో ఉన్న రోజుల్లో నేర్చుకున్న విద్య.

పెళ్లికూతురు నేహ మన పిల్లే. పెళ్లికొడుకు జపాను కుర్రాడు. పొద్దున మన పద్ధతిలో పెళ్లి, సాయంత్రం వాళ్ల పద్ధతిలో విందు. నేహ తల్లి వసుంధరగారు పళ్ల డాక్టరు. వియ్యపురాలు కిమోనోలో వస్తుంటే తాను చీరలో నిలబడితే తక్కువైపోతానని ఆవిడ బెంగ. పట్టుచీరకొచ్చిన తక్కువేమిటో నాకు అర్థం కాలేదు గానీ, నా జీతం అద్దెల మీదే కదా!

కూతురితో దుకాణంలోకి వస్తూనే ఆవిడ, చేతులు నేలదాకా వేలాడే గులాబీరంగు కిమోనో పట్టుకుంది. "ఇది గ్రాండ్‌గా ఉందండీ, ఇదే ఫిక్స్!" దాన్ని ఫురిసోదె అంటారు. పెళ్లికాని పిల్లలది. అంత పొడుగు చేతులు వేసుకుంటే సంబంధాలు చూస్తున్నారని అర్థం. ఆ మాట చెప్పగానే నేహ తల పట్టుకుంది. "మమ్, ప్లీజ్, యూ ఆర్ ఫిఫ్టీ ఫోర్!"

వధూవరుల తల్లులు కట్టవలసింది కురోతోమెసోదె. ఒళ్లంతా నలుపు, నడుము కింద మాత్రమే బంగారు కొంగల బొమ్మలు, పైన అయిదు చోట్ల వంశచిహ్నం. పెళ్లయిన స్త్రీకి అంతకు మించిన హోదా ఇంకో కిమోనోకి లేదు. నలుపు అనేసరికి వసుంధరగారి మొహం మాడిపోయింది.

"కూతురి పెళ్లికి నలుపేంటండీ? మా ఆడపడుచు వాళ్ల పేట ఎడ్మండ్‌సన్ పార్క్ అంతా టాంటాం చేస్తుంది."

రంగుది కడితే వియ్యపురాలికంటే ఒక మెట్టు దిగినట్టేనని చెప్పాను. ఆవిడ కాసేపు కొట్టుమిట్టాడి నలుపుకే ఒప్పుకుంది.

పెళ్లిరోజు సాయంత్రం విందు హాలు వెనక గదిలో చాలాసేపు కష్టపడి కట్టాను. ఎడమ అంచు పైకి రావాలి. కుడిది పైకొస్తే శవానికి కట్టినట్టు. నడుముకు చుట్టిన పట్టీ ముడి వీపు మీద రెండు పొరలుగా వేయాలి, శుభం రెట్టింపు కావాలని. నా పని చూసి నాకే ముచ్చటేసింది. అంతలో ఆడపడుచు ఊడిపడింది.

"ఇదేం ఖర్మ వదినా! శుభమా అని పెళ్లి జరుగుతుంటే నలుపా?"

వసుంధరగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. మరుక్షణం గుమ్మంలో ఉన్న భర్త భుజం మీది ఎర్ర పట్టుకండువా లాగి తన వీపు నిండా కప్పేసుకుంది. నా ముడి మాయం! ఒళ్లు మండి తీసేయమన్నాను. వినేదెవరు?

అదే కండువాతో వియ్యపురాలి ఎదుట నిలబడింది. నల్ల కిమోనోలోనే వచ్చిన ఆ పెద్దావిడ వంగి నమస్కరించి, ఇది తెలుగు తల్లుల ఆచారమా అని నన్ను జపనీస్‌లో అడిగింది. నేనది తెలుగులో చెప్పీ చెప్పకముందే ఆడపడుచు అందుకుంది. "యెస్ యెస్, అవర్ ట్రెడిషన్!"

అయితే తనకూ ఒకటి కావాలంది పెద్దావిడ. ఆడపడుచే పరుగెత్తి పొద్దున పెళ్లిలో పెళ్లికొడుకు వేసుకున్న ఎర్ర కండువా తెచ్చి కప్పింది. ఫోటోల్లో వియ్యపురాళ్లిద్దరూ సరిసమానంగా వెలిగిపోయారు.

ఆ ఫోటోలు చూసి, తర్వాత నేను రిటైరయ్యేదాకా మనవాళ్లుండే క్వేకర్స్ హిల్ పేట నుంచి ఫోన్లే ఫోన్లు. "ఎర్ర కండువాతో వచ్చే ట్రెడిషనల్ నల్ల కిమోనో ఉందాండీ?" మొదట్లో విడమరచి చెప్పేదాన్ని. ఆనక నోరు మూసుకుని కండువాలు కొనిపెట్టాను. ఏ సందర్భానికి ఏది కట్టాలో ఒసాకాలో ఏళ్ల తరబడి నేర్చుకున్నాను. ఎవరు ఒప్పుకుంటే అది ఆచారమవుతుందో మాత్రం రౌస్ హిల్‌లో వసుంధరగారి ఆడపడుచు నేర్పింది.