నాయన వేషం

బుచ్చిరెడ్డిపాలెం నుంచి మా తెలుగు టీచరమ్మ కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అమ్మ ప్రభువు దగ్గరికి పోయిందక్కా," అన్నాడు. ఆమె దగ్గర చదువుకున్నానని చెప్పుకోవడం నాకు ఈనాటికీ గొప్పే.

పంతొమ్మిది వందల అరవైల మధ్యలో రంగూన్ వదిలి, సముద్రం ఒడ్డునున్న మా సొంతూరు జువ్వలదిన్నెకు తిరిగొచ్చిన కుటుంబం మాది. నా తెలుగు విని బడిలో పిల్లలు నవ్వేవాళ్లు. ఇంట్లో నాయన గట్టిగా మాట్లాడొద్దని, జడ వేసుకోకుండా వాకిట్లోకి రావద్దని రోజూ కట్టడి చేసేవాడు. రంగూన్‌లో ఆయన అట్లా ఉండేవాడు కాదు.

టీచరమ్మకు పాఠ్యపుస్తకం ఒక్కటే చాలేది కాదు. ఆ ఏడు కొత్తగా అచ్చయిన నాటకం ఒకటి తెచ్చి మా చేత చదివించారు. పరాయి దేశం నుంచి సొంతూరికి వచ్చిన కుటుంబం కథ అది. కూతురు పైచదువు చదువుతానంటుంది. తండ్రి ఆమె పుస్తకాలు లాక్కుంటాడు. సుద్దముక్క వేళ్ల మధ్య దొర్లిస్తూ వినడం టీచరమ్మ అలవాటు. తప్పెవరిదని కాదు, ఆయన ఎందుకట్లా చేశాడో చెప్పమన్నారు. అందరూ ఆయన కఠినుడన్నారు. నేను లేచి, ఆయనకు భయమన్నాను. దేనికని అడిగారు.

"ఊళ్లో నవ్వుతారని టీచరమ్మా. ఇన్నేళ్లకు వచ్చినోళ్లం గదా, మనోళ్లే అనుకోరేమోనని."

సుద్దముక్క ఆగింది. బడి వార్షికోత్సవానికి ఆ నాటకమే వేద్దామని, తండ్రి వేషం నాకిచ్చారు.

నాయన ఒప్పుకోలేదు. ఆడపిల్ల వేదికెక్కితే ఊళ్లో తలెత్తుకోలేనన్నాడు. ఆదివారం టీచరమ్మ చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చారు. వాదించలేదు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, "మీ బిడ్డకు మీరు అర్థమైనారన్నా. వచ్చి చూడండి," అన్నారు.

మర్నాడు పొద్దున నాయన వేషానికని తన రంగూన్ లుంగీ తెచ్చి నా చేతికిచ్చాడు.

నాటకంలో కూతురికి పుస్తకాలు తిరిగిచ్చే చోట నాకు మాట రాలేదు. "మాట రాకపోతే నిలబడు. కంగారుపడి ఏదో ఒకటి అనబాకు," అని టీచరమ్మ ముందే నేర్పారు. నిలబడ్డాను. తర్వాత మాట దానంతటదే వచ్చింది. ఆ తండ్రి వేషం ఎవరి బిడ్డదని పక్కనున్నాయన అడిగితే, నాయన నలుగురికీ వినబడేలా "నా బిడ్డే" అన్నాడట.

ఆ తర్వాత మా ఇంట్లో నా చదువుకు ఎవరూ అడ్డు చెప్పలేదు. నేనూ తెలుగు టీచరునయ్యాను. మాట రాక నిలబడిపోయిన పిల్లలను ఏనాడూ తొందరపెట్టలేదు.

నాటకం వేసిన ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక నాయన టీచరమ్మ ఎదుటికి వచ్చి చేతులు జోడించాడు. ఆమె కూడా జోడించారు. సముద్రపు గాలికి తెరగుడ్డ ఎగిరెగిరి పడుతోంది. ముందెవరు చేతులు దించాలో తెలియనట్టు ఇద్దరూ అట్లాగే నిలబడి ఉన్నారు.