మా అమ్మమ్మ చదివిన నలభై ఒక్క పేజీలు

ఎలక్ట్రానిక్ పుస్తకాల ఒప్పందాన్ని మొదటి అక్షరం నుంచి ఆఖరి చుక్క దాకా చదివిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆవిడ మా అమ్మమ్మ జయశీల. దాన్ని రాసిన లాయర్లు కూడా మధ్యలో కునుకు తీసి ఉంటారు. అమ్మమ్మ మాత్రం నలభై ఒక్క పేజీలూ చదివి, రెండు చోట్ల అచ్చుతప్పులు దిద్దింది. మా ఇంట్లో ఏ పుస్తకానికైనా చివరి పేజీ చూసేది ఆవిడే. నేను ఇంటర్ పుస్తకాల్లో సగం దాకా వెళ్లి ఆగిపోయాను.

మధురవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. పేరు చెప్పను, అమ్మమ్మ ఉద్యోగం ఇంకా అక్కడే. రిటైరయ్యాక కూడా ఆవిడను కాంట్రాక్టు మీద లైబ్రేరియన్‌గా ఉంచుకున్నారు. ఏది ఎక్కడుందో ఆవిడకు తప్ప ఇంకెవరికీ తెలియదు మరి. ఇప్పుడు జర్నళ్లూ, పరిశ్రమల ప్రమాణాల పుస్తకాలూ అన్నీ కంప్యూటర్‌లోనే చదవాలి. ఒక్కో కాలేజీ విడిగా కొనుక్కోలేక పన్నెండు కాలేజీలు కలిసి కన్సార్టియం అని పెట్టుకున్నాయి. పెళ్లికి పన్నెండు కుటుంబాలు కలిసి ఒక బస్సు మాట్లాడుకున్నట్టు. కాకపోతే ఈ బస్సులో ఎవరు ఎక్కాలో పుస్తకాలు అమ్మిన కంపెనీ ఒప్పందంలో ముందే రాసిపెట్టింది: రెగ్యులర్ విద్యార్థి, అధ్యాపకుడు, సిబ్బంది. అంతే.

ఒప్పందం రాసిన రోజుల్లో కాలేజీలో ఉన్నది వాళ్లే. తర్వాత బీటెక్ సీట్లు మిగిలిపోవడం మొదలైంది. ప్రిన్సిపాల్ గురునాథరావు గారికి జ్ఞానోదయమై ఆరు నెలల కోర్సులు, ఆదివారం కోర్సులు తెరిచారు. పోర్టు నుంచీ, ఉక్కు ఫ్యాక్టరీ నుంచీ జనం వచ్చి చేరారు. బ్రోచర్ మొదటి పేజీలో 'డిజిటల్ లైబ్రరీ సౌకర్యం' అని బంగారు రంగులో అచ్చేశారు. ఆ సౌకర్యం ఎవరికో కనుక్కోవడం మాత్రం మరిచిపోయారు. ఎవరెవరు వాడతారో ఏటా జూలైలో జాబితా పంపాల్సింది అమ్మమ్మ. కంపెనీ ఫారంలో ఆదివారం వాళ్లకు గడి లేదు.

ఆ ఆదివారం వాళ్లలో సింహాద్రి ఒకడు. పద్మనాభం నుంచి రోజూ బైక్ మీద పోర్టుకు వెళ్లి కాంట్రాక్టు కింద వెల్డింగ్ చేస్తాడు. పద్నాలుగేళ్ల పొగకు ఊపిరితిత్తులు మొరాయిస్తున్నాయి, పని మార్చుకోమని డాక్టరు చెప్పాడు. వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్ష పాసైతే ఆ పొగలోంచి బయటపడి, వేరేవాళ్లు వేసిన అతుకులు చూసి సంతకం పెట్టొచ్చు. దానికి చదవాల్సిన పుస్తకాలు ఆ కంపెనీ దగ్గరే ఉన్నాయి. పరీక్షకు ఇరవై రోజులే ఉన్నాయి.

"మేడమ్ గోరూ, అడ్మిషన్ కాయితం మీద నా ఫొటో అంటించినప్పుడు నాను స్టూడెంటునే కదా," అని అడిగాడు. "ఇప్పుడేటి, కాకుండా పోయినానా?"

అమ్మమ్మకు జవాబు తెలుసు. మూడో పేజీలో ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతి నాతో చెప్పింది.

అక్కడే నా దయాగుణం పనిచేసింది. అమ్మమ్మ పాస్‌వర్డ్ మా వంటింటి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసి ఉంటుంది. దాన్ని సింహాద్రికి వాట్సాప్‌లో పంపాను. సింహాద్రి మంచివాడు, తనొక్కడే బాగుపడాలనుకునే రకం కాదు. గులాబీ పువ్వు ఉన్న శుభోదయం బొమ్మ కింద దాన్ని పెట్టి, నలభై మంది ఉన్న బ్యాచ్ గ్రూపులో వేశాడు. అరవై ఒక్కేళ్ల మా అమ్మమ్మ ఒకే గంటలో పోర్టులోనూ, గాజువాకలోనూ, పద్మనాభంలోనూ, మొత్తం ఇరవై ఏడు చోట్ల కూర్చుని వెల్డింగ్ చదువుతున్నట్టు కంపెనీకి కనిపించింది. ఆ వయసులో అంత శ్రద్ధను మెచ్చుకోవాల్సింది పోయి, కాలేజీ మొత్తానికి ఆన్‌లైన్ తలుపులు మూసేశారు.

అమ్మమ్మ నన్ను తిట్టలేదు. తప్పు తన ఇంట్లోనే జరిగిందని కంపెనీకి ఉత్తరం రాసి సంతకం పెట్టింది. తలుపులు తెరుచుకునే సరికి అయిదు రోజులు పోయాయి.

ఈలోగా గురునాథరావు గారు ఇంకా గొప్ప ఉపాయంతో వచ్చారు. నలభై మందినీ రెగ్యులర్ విద్యార్థులని రాసి పంపేయమన్నారు, కంపెనీవాళ్లు వచ్చి మొహాలు చూస్తారా అన్నారు. అబద్ధం మీద తను సంతకం పెట్టనని చెప్పి, అమ్మమ్మ ఒప్పందం తెచ్చి ఆయన ముందు పదిహేడో షరతు చదివింది. లైబ్రరీకి స్వయంగా వచ్చి, అక్కడి కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఎవరైనా సరే చదువుకోవచ్చు. ఆయన ఆశ్చర్యపోయి, ఇదెప్పుడు చేర్చారని అడిగారు.

"మీరు సంతకం పెట్టిన రోజునే ఉందండి," అంది అమ్మమ్మ.

లైబ్రరీ తీసేది తొమ్మిదింటికి, మూసేది అయిదింటికి, ఆదివారం సెలవు. ఆ వేళల్లో సింహాద్రి పోర్టులో ఉంటాడు, అందుకే ఆ షరతు సంగతి అమ్మమ్మ ముందు అతనికి చెప్పలేదు. అయితే పద్మనాభం నుంచి పోర్టుకు వెళ్లే దారిలోనే మధురవాడ. అందుకని కంపెనీ తలుపులు తెరిచిన మర్నాటి నుంచి అమ్మమ్మ పొద్దున్నే ఆరింటికి వెళ్లి తాళం తీసింది. మొదటి రోజు తొమ్మిది మంది వచ్చారు, వారం తిరిగేసరికి ఇరవై ముగ్గురయ్యారు. ఉన్నవి ఏడు కంప్యూటర్లు. ఒక్కో దాని ముందు ముగ్గురో నలుగురో, పక్కన హెల్మెట్లు, టిఫిన్ డబ్బాలు. నాలుగో రోజు ప్రిన్సిపాల్ గారు వచ్చి వాళ్ల మధ్య నిలబడి ఫొటో దిగారు. కొత్త బ్రోచర్‌లో అది 'ఉదయకాల విజ్ఞాన కేంద్రం'. దాని స్థాపకులు ఎవరో చెప్పనక్కర్లేదు.

తర్వాత ద్వారకా నగర్‌లో ఒక హోటల్లో కన్సార్టియం సమావేశం పెట్టారు. ఆ ఏడాది కాలేజీ ఎవరికి పాఠం చెబితే వాళ్లంతా వాడుకునేలా ఒప్పందం మార్చాలనీ, జాబితా నెలనెలా దిద్దుకోనివ్వాలనీ అమ్మమ్మ అడిగింది. కంపెనీ అబ్బాయి పరిశీలిస్తామని మూడుసార్లు మాటిచ్చాడు. బిర్యానీకి ముందు ఒకసారి, తర్వాత రెండుసార్లు.

ఇదంతా రాసి నిన్న అమ్మమ్మకు చదివి వినిపించాను. సింహాద్రి ధైర్యంగా వెళ్లి పరీక్ష రాశాడనీ, అంతా ఆవిడ చలవేననీ చక్కగా ముగించాను. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చివరి దాకా వింది.

"సింహాద్రి ఒక పేపరు తప్పినాడని రాయనేదేటి?" అంది. "నీ వల్ల పోయిన అయిదు రోజుల్లో సదవాల్సిన పేపరే అది. మళ్లీ పరీక్ష మార్చిలో ఉంది. రేపు ఆరింటికి నువ్వెల్లి లైబ్రరీ తాళం తియ్యి."